నాలుగో ఆకు మేడమ్

మా వైపు ప్రైవేటు స్కూళ్లలో ఉద్యోగం లేదని ఎవరూ చెప్పరు. అంత పాపం మూటగట్టుకోరు. "చెప్తం మేడమ్" అంటారు. కాస్త మర్యాదస్థులైతే "మేనేజ్‌మెంట్‌తోని మాట్లాడి చెప్తం మేడమ్" అంటారు. ఆ మేనేజ్‌మెంట్ ఎవరని ఆరా తీస్తే, చెప్పిన మనిషి బావమరిది అయి ఉంటాడు, లేదా ఆ మనిషే అయి ఉంటాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయి, అద్దం ముందు నిలబడి తనతో తాను మాట్లాడుకుని చెప్తాడు కాబోలు. ఆ అద్దమే ఇంకా ఒప్పుకోలేదేమో, నాకు జవాబు రాలేదు.

నాది సిరిసిల్ల. బట్ట నేసే సాంచల చప్పుడులో పుట్టి, ఆ చప్పుడులోనే పుస్తకాలు బట్టీపట్టి బీఎస్సీ, బీఈడీ చేశాను. నన్నిచ్చింది కోరుట్లకు. ఉద్యోగాలున్నాయని చెప్పుకునేది జగిత్యాలలో. అందుకని నా బతుకంతా ఈ మూడు ఊళ్ల మధ్య బస్సుల్లో నడుస్తోంది. ఈ రాతలు మాత్రం బిడ్డ నిద్రపోయాక, దాని కాలు నా ఒడిలో పెట్టుకుని రాస్తున్నవి.

మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మా అత్తమ్మ బీడీలు చుడుతుంది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. ఆ చాట మీదనే మా ఆయన చదువు నడిచింది, ఇంటికి పైకప్పు పడింది. కాబట్టి దాన్ని నేను ఒక్క మాట అనను, ఇంకొకరిని అననివ్వను. కానీ నా బిడ్డకు మూడున్నరేళ్లు. బాపమ్మ పక్కనే ఆడుతుంది, బాపమ్మ పక్కనే పడుకుంటుంది, పొద్దున లేస్తూనే దగ్గుతుంది. వానలకు తలుపు మూస్తే ఆ దుమ్ము ఎక్కడికీ పోదు. డాక్టరు దాని వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, "పొగాకు దుమ్ముకు దూరం పెట్టుండ్రమ్మా" అన్నాడు. రెండు గదుల ఇంట్లో దూరం అంటే ఎక్కడో ఆయన రాసిన చీటీలో లేదు.

జగిత్యాలలోని ఒక స్కూల్లో టీచర్ల పిల్లలకు ఎల్‌కేజీ సీటు ఉచితమని తెలిసింది. ఇక నాకు వేరే ఆలోచన లేదు. ఉద్యోగం దొరికితే పొద్దున్నే ఇద్దరం ఒకే బస్సు ఎక్కుతాం. నేను పాఠం చెబుతుంటే అది కింది గదిలో బొమ్మలకు రంగులు వేస్తుంది. సాయంత్రం ఇద్దరం దిగుతాం. ఆ పగలంతా దాని ఛాతీలోకి ఉత్త గాలి పోతుంది. జీతం ఎంతని అడగడం కూడా మర్చిపోయి దరఖాస్తు పెట్టాను. వాళ్ల ప్రకటన వాట్సాప్‌లో తిరుగుతూ వచ్చింది. ఎర్రక్షరాల్లో "అర్జెంటుగా కావలెను" అని ఉంది. ఆ అర్జెంటు అన్న మాటను ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాను.

జూలైలో డెమోకు రమ్మన్నారు. మా దగ్గర టీచరు ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూడరు, డెమో చూస్తారు. నిజం పిల్లల ముందు నిజం పాఠం చెప్పాలి. ఆఫీసు ముందు బెంచీ మీద ప్లాస్టిక్ ఫైళ్లు పట్టుకుని మేం ముగ్గురం ఆడవాళ్లం. బయట గేటు దగ్గర ముగ్గురు మొగుళ్లు, మూడు బండ్లు. వాళ్లలో ఒకాయన భుజాన ఏడుస్తున్న పసిపాప. నా పక్కనామె సంచిలోంచి పచ్చటి కొమ్మ ఒకటి తొంగి చూస్తోంది. పాపం, పూజకు తీసుకుపోతోందేమో అనుకున్నాను.

నేను సైన్సు. ఏడో తరగతి. ఆకు తన అన్నం తాను ఎట్లా వండుకుంటుందో చెప్పే పాఠం తీసుకున్నాను. బీఈడీలో టీచింగ్ ప్రాక్టీసుకు నేను చెప్పింది అదే. దానికి వేసిన చార్టు బీరువా మీద చుట్టి అట్లాగే ఉంది. పెద్ద ఆకు, పైన నవ్వే సూర్యుడు, కింద నుంచి నీళ్లు. రంగు ఏమాత్రం పోలేదు. నాకు తెలిసిన ఏ సైన్సు బీఈడీని నిద్రలో లేపి డెమో చెప్పమన్నా ఈ పాఠమే చెబుతుంది.

"ఆకు పచ్చగ ఎందుకుంటది?" అన్నాను.

చేతులు లేచాయి. ఒకటీ రెండూ కాదు, తరగతి మొత్తం. "క్లోరోఫిల్ మేడమ్!"

"మరి ఆకు గాలి ఎక్కడికెల్లి..." అని నేను అంటుండగానే, "స్టొమాటా మేడమ్!" అన్నారు. వెనక బెంచీలో ఒకడు నేనింకా అడగని ప్రశ్నకు కూడా జవాబిచ్చాడు. "స్టార్చ్ మేడమ్!"

నా ఒళ్లు పులకరించింది. ఏం పిల్లలు! కాదు, ఏం టీచర్ని నేను! పెళ్లయ్యాక ఇన్నేళ్లు గరిటె పట్టుకున్నా చదువు చేతిలోంచి జారిపోలేదు అనుకున్నాను. వెనక బెంచీలో ప్రిన్సిపల్ సారు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. గంట కొట్టాక లేచి, "ఎక్స్‌లెంట్ మేడమ్. పిల్లలు మీకు బాగ కనెక్టయిన్రు. ఒక నాలుగు దినాలు అచ్చి క్లాసులు తీసుకోండి, మేనేజ్‌మెంట్ కూడ చూస్తది" అన్నాడు.

నాలుగు దినాలు వారం అయ్యాయి. ఏడో తరగతి సైన్సుతో మొదలై ఆరో తరగతి లెక్కలు, ఐదో తరగతి పరిసరాలు, మధ్యాహ్నం అన్నాల దగ్గర పిల్లల్ని వరసలో నిలబెట్టే పని కూడా నా మెడకు చుట్టుకున్నాయి. అడిగితే "డెమో నడుస్తున్నది కద మేడమ్" అన్నారు. పిల్లల ముక్కులు తుడవడం కూడా డెమోలో ఒక భాగమే అనుకున్నాను. బస్సులో ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు తీసుకుని, పోయిన దారినే సంతోషంగా వచ్చేదాన్ని. ఏడో తరగతికి తర్వాతి పాఠం మొదలుపెడతానంటే ప్రిన్సిపల్ సారు, "ముందు ఇదే రివిజన్ చేయించండి" అన్నాడు. చేయించాను. ఆ శనివారం సాయంత్రం ఆఫీసులోకి పిలిచి టీ ఇప్పించి, ఆ రెండు ముక్కలు చెప్పాడు. "చెప్తం మేడమ్."

నేను దాన్ని అవును అనుకున్నాను. టీ కూడా ఇచ్చారు కదా.

మా ఆయన ట్రాక్టరు సామాన్ల షాపులో పనిచేస్తాడు. ఆ సాయంత్రమే పిల్లి బొమ్మ ఉన్న స్కూలు బ్యాగు తెచ్చాడు. సిరిసిల్లలో నన్ను కన్న మా అవ్వ (నాన్న నడిపే సాంచకు నూలు కండెలు చుట్టే మనిషి) వాడకట్టంతా చెప్పుకుంది. మా సందు చివర అంగన్‌వాడీ ఆయమ్మ రెండుసార్లు ఎదురుపడి "పిల్లను తోలరాదమ్మా" అంటే, "జగిత్యాలల వేస్తున్నం" అని ముందుకు నడిచాను. ఇద్దరు ముగ్గురు ట్యూషన్‌కు అడిగారు. ఈ వారంలో ఫోన్ వస్తే మధ్యలో వదిలేయాల్సి వస్తుందని వాళ్లనూ తిప్పి పంపాను.

ఫోన్లు వచ్చాయి. లోను కావాలా అని ఒకరు, క్రెడిట్ కార్డు కావాలా అని ఒకరు. నాకు ఏమేం కావాలో దేశంలో అందరికీ తెలుసు, ఆ స్కూలుకు తప్ప. తెలియని నెంబరు చూస్తే చాలు, బియ్యం కడిగే తడి చేతులు కొంగుకు తుడుచుకుని, గొంతు సవరించుకుని "హలో, గుడ్ మార్నింగ్ సార్" అనేదాన్ని. అవతల గ్యాసు బండ పిల్లవాడు బిత్తరపోయేవాడు.

"నువ్వే ఫోన్ చేసి అడుగరాదు?" అన్నాడు మా ఆయన.

"అడిగితె చులకనైతం. అవసరమున్నదని తెలిసిపోతది."

"అవసరముండే కదనే అప్లికేషన్ పెట్టినం?"

మొగవాళ్లకు ఇంత సూటిగా ఆలోచించడం ఎట్లా వస్తుందో! నాకు మాత్రం అడిగితే పోతుందనిపించేది. ఉడుకుతున్న అన్నం మూత తీస్తే పాడవుతుందన్నట్టు కూర్చున్నాను.

మా అత్తమ్మ బీడీకి దారం చుడుతూ అంతా వింటుంది. ఒకనాడు అంది, "కార్ఖానల గిట్ల ఉండదే పిల్లా. బీడీలు మంచిగుంటె తీసుకుంటడు. లేకపోతె మొకం మీద పారేస్తడు. గీ చెప్తం గిప్తం ఉండది."

"మొకం మీద పారేసుడు మంచిదా అత్తమ్మా?"

"మంచిదే. పారేస్తె ఏరుకొని ఇంటికస్తం. నిన్ను పారేసిన్రా, పట్టుకున్రా? గదన్న ఎర్కనా నీకు?"

ఎరుక లేదు. అదే కదా బాధ. బిడ్డ మాత్రం రోజూ పొద్దున పలక, రెండు బిస్కెట్లు పిల్లి బ్యాగులో వేసుకుని గడప మీద కూర్చునేది. "అమ్మా, మన స్కూలు ఫోన్ చేసిందా?" అని అడిగేది. అడుగుతూ దగ్గేది. కొన్నాళ్లకు అడగడం మానేసి, పాడైన టీవీ రిమోటు చెవికి పెట్టుకుని ఆట మొదలుపెట్టింది. "హలో, చెప్తం మేడమ్. ఆఁ, చెప్తం."

మా అత్తమ్మ పడీపడీ నవ్వింది. "నౌకరి ఇచ్చుడు నేర్వకముందే దీనికి ఇయ్యకుండుడు అచ్చెనే! పెద్దగైతె ఇస్కూలు పెడ్తది సూడు."

వానలు తగ్గాయి, గునుగుపూలు పూశాయి, బతుకమ్మ వచ్చింది. బిడ్డను చంకనేసుకుని సిరిసిల్లకు బయలుదేరాను. కోరుట్ల నుంచి వేములవాడ దాకా ఒక బస్సు, అక్కడ దిగి ఇంకో బస్సు. వేములవాడ బస్టాండు ఎప్పటిలాగే మొక్కు తీర్చుకున్న గుండ్లతో, కొబ్బరిచిప్పలతో, సంచులతో నిండి ఉంది. సిరిసిల్ల బస్సు కోసం నిలబడి ఉంటే ఒక ముసలావిడ పక్కనుంచి ఓ పిల్ల తల వంచి నన్ను చూసింది.

"నమస్తే మేడమ్. మీరు ఆకు మేడమ్ కద?"

జగిత్యాల ఏడో తరగతి పిల్ల. మొదటి బెంచీ. ప్రతి ప్రశ్నకూ చేయెత్తిన పిల్ల. నా గుండె ఉప్పొంగింది.

"ఎవలే? మీ పంతులమ్మనా?" అంది ముసలావిడ.

"కాదు అమ్మమ్మా. డెమో మేడమ్."

"గదేం మేడమ్?"

"అచ్చి పోతది."

ముసలావిడ నావైపు జాలిగా చూసింది. నేను పిల్లను అడిగాను, "ఆకు మేడమ్ ఏందమ్మా?"

"మీరు ఆకు పాఠం చెప్పిన్రు కద మేడమ్. మాకు అందరు ఆకు మేడమ్‌లే. ఫస్టు అచ్చినామె మందారం ఆకు తెచ్చింది. ఇంకొకామె ఏకంగ కుండీనే తెచ్చింది, చెట్టుతోని. తర్వాత ఒక పొడుగు మేడమ్. మీరు నాలుగు. మీ చార్టు జర మంచిగుండె మేడమ్, సూర్యుడు నవ్వుకుంట."

"నా తర్వాత ఎవలన్న అచ్చిన్రా?"

"కొమ్మ మేడమ్ అచ్చింది. మొన్న ఒక సార్ అచ్చిండు. ఆయన గూడ ఆకే."

బెంచీ మీద నా పక్కన కూర్చున్నామె గుర్తొచ్చింది. పూజ కొమ్మ కాదు, డెమో కొమ్మ.

"అందుకేనా నేనడగంగనే టకటక చెప్పిన్రు?"

"అవు మేడమ్. మాకు నోటికొచ్చు. ప్రిన్సిపల్ సార్ గూడ చెప్పిండు, డెమో వాళ్లు అడిగితె అందరు చేతులెత్తుండ్రి, ఖుషీ అయితె వారం దినాలు అస్తరు అని."

నేను ఖుషీ అయ్యాను. వారం దినాలు వచ్చాను. లెక్క సరిగ్గా సరిపోయింది.

"మరి తర్వాతి పాఠం ఎవలు చెప్పిన్రు?"

"తర్వాతి పాఠం రాలే మేడమ్." నవ్వు ఆపుకోలేక అంది, "పరీక్షల వేరే పాఠాలకెల్లి గూడ ఇచ్చిన్రు. మేమందరం అన్నిటికి క్లోరోఫిల్ అని రాసినం."

సిరిసిల్ల బస్సు వచ్చింది. ఎక్కి బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకున్నాను. కోపం కన్నా ముందు ఆ మనిషి తెలివికి ఆశ్చర్యం కలిగింది. మా జిల్లా నిండా బీఈడీలు. ఒక్కొక్కరిని వారం పాటు ఆశ మీద నడిపిస్తే చాలు, ఏడాది గట్టెక్కుతుంది. ఎవరికీ పొమ్మని చెప్పనక్కర్లేదు. చెప్పకపోతేనే వీళ్లు ఇంటి దగ్గర నోరు మూసుకుని కూర్చుంటారని అతనికి తెలుసు. ఇంత వ్యవసాయం తెలిసినవాడు మా పక్కన మల్లాపూర్‌లో పొలం చేసుకున్నా బాగుపడేవాడు. మధ్యలో పిల్లలు ఆకు దగ్గరే ఆగిపోయారు. నా బిడ్డ చాట దగ్గర ఆగిపోయింది.

ఆ సాయంత్రం సిరిసిల్లలో బతుకమ్మల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, మా వాడకట్టు పెద్దమ్మ ఒకామె నా పక్కకు చేరింది. "ఏం బిడ్డా, జగిత్యాలల పెద్ద ఇస్కూల నౌకరటగా? మా మనుమనికి ఓ సీటు ఇప్పియ్యరాదు?"

నేను నోరు తెరిచేలోపే మా అవ్వ చప్పట్ల మధ్యనుంచి అందుకుంది. "ఎందుకియ్యది? ఇప్పిస్తది. చెప్పవే!"

"చెప్త పెద్దమ్మా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత మెత్తగా జారిందో! పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. కాదని చెప్పడానికి గుండె కావాలి, చెప్తా అనడానికి ఏమీ అక్కర్లేదు. ప్రిన్సిపల్ సారు ఇంత సుఖంగా ఎట్లా ఉంటాడో అప్పుడు అర్థమైంది. ఇంటికి పోయాక మా అవ్వకు ఉన్న సంగతి చెప్పాను. ఆమె చుడుతున్న కండె పక్కన పెట్టింది. తర్వాత, "మరి చాయ్ ఎందుకు తాపిచ్చిండే వాడు?" అంది.

దసరా సెలవులు అయిపోయి స్కూళ్లు తెరిచిన వారంలో ఫోన్ మోగింది. ఆ నెంబరే. బియ్యం కడుగుతున్నాను. ఈసారి చేతులు తుడుచుకోలేదు.

"మేడమ్, మంచిగున్నరా? మీ పేరు మేనేజ్‌మెంట్ గుర్తుపెట్టుకున్నది. సోమవారం ఒకసారి డెమోకు అస్తరా? ఎనిమిదో తరగతికి. ఒక నాలుగు దినాలు."

ముందు గదిలో మా అత్తమ్మ కత్తెర ఆగిపోయింది. బిడ్డ గడప మీద దగ్గుతోంది. గట్టి మాటలు నాలుగు నాలుక చివర దాకా వచ్చాయి. ఆ దగ్గు వినపడి వాటిని మింగాను.

"అస్త సార్. డెమోనే ఇస్త. నాతోని నా బిడ్డ గూడ అస్తది. నేను క్లాసుల ఉన్నంతసేపు ఎల్‌కేజీల కూసుంటది. నన్ను తీసుకునేది తర్వాత చూద్దురు. ఆ నాలుగు దినాలు దాన్ని కూసోబెట్టుకుంటరా?"

"అది... రూల్స్ ఉంటయ్ కద మేడమ్. స్టాఫ్ పిల్లలకైతెనే."

"నేను స్టాఫ్ కాదా సార్?"

"డెమో కద మేడమ్."

"డెమో పనికి డెమో పిల్ల సార్. నాలుగు దినాలు చూడుండ్రి, మంచిగ రంగులేస్తది."

"మేనేజ్‌మెంట్‌తోని మాట్లాడి చెప్తం మేడమ్."

"సరే సార్. అచ్చేది లేనిది నేను గూడ చెప్త."

ఫోన్ పెట్టేశాను. "ఏమన్నడే?" అంది అత్తమ్మ.

"చెప్తమన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నేను గూడ చెప్తమన్న."

ఆమె నవ్వి నవ్వి, తంబాకు గొంతులో పడి దగ్గింది. బాపమ్మ దగ్గుతుంటే బిడ్డా దగ్గింది. ఇద్దరినీ చూస్తూ తడి చేతులతో నిలబడ్డాను.

మరునాడు పొద్దున బిడ్డ బ్యాగు వేసుకుని గడప మీద కూర్చోగానే, దాని చేయి పట్టుకుని సందు చివరికి నడిపించాను. అంగన్‌వాడీ ఒక్క గది. కిటికీలు రెండు, రెండూ తెరిచి ఉన్నాయి. ఆయమ్మ గుడ్లు ఉడకబెడుతోంది.

"పేరు రాయించాలె ఆయమ్మా. ఎప్పటినుంచి తీసుకురావాలె?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఎప్పటినుంచేంది? అచ్చింది కద. గా చాప మీద కూసోబెట్టు, నువ్వు పో."

అంతే. ఈ ఏడు మా ఇంటి నుంచి ఇద్దరం దరఖాస్తు పెట్టుకున్నాం. నిలబడ్డ చోటే జవాబు వచ్చింది ఒక్కరికే.

బిడ్డకు మాత్రం నమ్మకం కుదరలేదు. "ఆయమ్మా, నేను డెమోనా?" అంది.

"డెమో అంటె ఏందే? గుడ్డు తింటవా?"

అది తింటానని తలూపింది. నేను ఇంటికి వచ్చేశాను. ఉత్త గాలి ఒక్క పూటే. మధ్యాహ్నం నుంచి మళ్లీ ఆ గదే. దగ్గు తగ్గిందని ఇప్పుడే చెప్పలేను, చూడాలి. తిప్పి పంపిన ట్యూషన్ పిల్లల ఇళ్లకు నేనే నడిచి పోయి అడిగాను. ఇద్దరు వేరేచోట చేరిపోయారు, ఒకమ్మాయి వస్తానంది.

మా అత్తమ్మ కన్ను బీరువా మీద ఉంది. "గా చార్టు గట్టిగున్నది. చాట కింద పరుస్త, దుమ్ము దాని మీద పడ్తది. ఇయ్యరాదు?"

దింపి ఆమె ముందు విప్పాను. సూర్యుడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. వెనక్కి తిప్పి చూస్తే తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. ఇవ్వలేదు. పాత దినపత్రికలు పరిచి ఇచ్చాను. ఆ తెల్లవైపు తర్వాతి పాఠం వేస్తున్నాను. పెన్సిలు గీతలు అయిపోయాయి, రంగులు మిగిలాయి. వాళ్లు చెప్పినా, చెప్పకపోయినా, ఇంకో స్కూలు పిలిచినా, నేను మాత్రం ఇక ఎవరికీ ఆకు చెప్పను.